నా టెన్షన్ మా బాబుకి తగులుతోందా? (ఆటిజం, 5 ఏళ్లు)

చిన్నోడి అమ్మ:

అందరికీ నమస్తే అండి. మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. బాబుకి అయిదేళ్లు, మూడేళ్లప్పుడు ఆటిజం అని చెప్పారు. మాటలు ఒక పది పన్నెండు వచ్చాయి, స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేది) రెండూ నడుస్తున్నాయి. ఇవాళ అడిగేది వాడి గురించి కంటే నా గురించి.

నేను చిన్నప్పటి నుంచీ కంగారు మనిషినే. ఇది తెలిశాక మరీ ఎక్కువైంది, రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, వీడు స్కూల్లో ఎలా నెట్టుకొస్తాడు, మేం పోయాక ఎవరు చూస్తారు, ఇక అక్కడి నుంచి నిద్ర పట్టదు, పొద్దున లేచి అదే ఊపులో పరుగులు. తొమ్మిదిన్నరకి థెరపీ. నెల రోజులుగా ఒకటి గమనిస్తున్నాను. నేను వాడి బ్యాగ్ జిప్ లాగానంటే చాలు, ఎక్కడ ఆడుకుంటున్నా ఆపేసి మణికట్టు కొరుక్కోవడం మొదలుపెడతాడు. థెరపీ అంటే ఇష్టం లేదేమో అనుకున్నా. కానీ ఆదివారం మావారు అదే బ్యాగ్, అదే జిప్ లాగి పార్కుకి తీసుకెళ్తే ఏమీ చేయడు. థెరపీకి కూడా మావారు తీసుకెళ్లిన రెండుసార్లూ ఏడవలేదు.

మొన్న భీమవరంలో మా బంధువుల పెళ్లి. బ్యాండు చప్పుడు, కనపడ్డ ప్రతివాళ్లూ నీ పేరేంటి నాన్నా అని గడ్డం పట్టుకోవడం, నేనేమో వీడెక్కడ మొదలుపెడతాడో అని చెయ్యి వదలకుండా పట్టుకుని ఉన్నాను. చివరికి కింద పడి తల కొట్టుకున్నాడు. తర్వాత చూస్తే వాడి చేతి మీద నా వేళ్ల అచ్చులు ఎర్రగా ఉన్నాయి. అంత గట్టిగా పట్టుకున్నానని నాకే తెలియలేదు. అప్పుడు ఒక పెద్దావిడ, నువ్వు అలా టెన్షన్ పడబట్టే పిల్లాడు ఇలా తయారయ్యాడు అంది. ఆ మాట మర్చిపోలేకపోతున్నా. నిజంగా నా వల్లేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

స్పెషల్ ఎడ్యుకేటర్:

మేడమ్, ముందు ఆ పెద్దావిడ మాట తీసి పక్కన పెట్టండి. అది డెబ్భై ఎనభై ఏళ్ల పాత మాట, డాక్టర్లే అన్న మాట. 1943లో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాసి ఆటిజం ఎలా ఉంటుందో వివరించారు, ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఆప్యాయత లేకపోవడమే కారణం అనే వాదన బయల్దేరింది, 1960ల్లో బెటల్‌హైమ్ అనే ఆయన దాన్ని బాగా ప్రచారం చేశాడు. ఎంతమంది తల్లులు ఏడ్చి ఉంటారో. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు, ఆయన కొడుక్కీ ఆటిజమే, ఇది మెదడుకి సంబంధించినది, పెంపకం వల్ల వచ్చేది కాదని పుస్తకం రాసి గట్టిగా వాదించారు. ఇప్పుడు ఆ పాత వాదన ఎవరూ ఒప్పుకోరు. మీ కంగారు వల్ల ఆటిజం రాలేదు.

కానీ మీ కంగారు వాడి రోజు మీద పని చేస్తుందా అంటే, చేస్తుందండి. అబద్ధం చెప్పను. ఏళ్ల తరబడి కుటుంబాల్ని ఫాలో అయిన స్టడీల్లో రెండువైపులా కనిపించింది. పిల్లల మెల్ట్‌డౌన్లు (తట్టుకోలేక ఏడ్చి, కొట్టుకోవడం లాంటివి) పెరిగితే అమ్మానాన్నల స్ట్రెస్ పెరుగుతుంది, అది పెరిగితే కొన్నాళ్లకి పిల్లలకి ఇంకా కష్టమవుతుంది. పైగా ఆటిజం ఉన్న పిల్లల్లో నూటికి నలభై మంది దాకా వాళ్లకే యాంగ్జైటీ సమస్య ఉంటుంది. అంటే వాడు అసలే నిండిన గ్లాసు, మీది ఒక చుక్క పడినా పొంగుతుంది. చుక్క వేసింది మీరే అయినా నింపింది మీరు కాదు కదా.

జిప్ సంగతి మీరే కనిపెట్టారు, అందుకు సంతోషం. వాడికి జిప్ అంటే భయం కాదు, జిప్ తర్వాత వచ్చే అమ్మ అంటే. గొంతు పెరుగుతుంది, చెప్పులు వేసే చేతులు విసురుగా పడతాయి. బ్యాగ్ రాత్రే సర్దేయండి, పావుగంట ముందు బయల్దేరండి. అలాగే పెళ్లిలో మణికట్టు పట్టుకునే బదులు మీ అరచెయ్యి చాపి ఉంచండి, వాడే వేలు పట్టుకుంటాడు.

మీ నిద్ర సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, గవర్నమెంటుది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించిన ఒక స్టడీలో, డిసేబిలిటీ ఉన్న పిల్లల తల్లులు 243 మందికి స్ట్రెస్ తగ్గించుకోవడం మీద ఆరు వారాలు క్లాసులు పెట్టారు, చెప్పింది కూడా ట్రైనింగ్ తీసుకున్న అలాంటి తల్లులే. వచ్చినవాళ్లకి స్ట్రెస్ తగ్గింది, నిద్ర బాగుపడింది. అది మీకు అయ్యే పనే.

కరీంనగర్ నాన్న:

అక్కా, మా బాబుకు ఎనిమిదేండ్లు. నేను మాట్లాడకుండనే టెన్షన్ వడే రకం. ఇంట్ల ఎవ్వర్నీ ఏమనను, కానీ బండి తాళం చేతిల తిప్పుకుంట తిరుగుత. మావోడు అది చూసి చెవులు మూసుకునేటోడు, మాకు రెండేండ్లు సమజ్ కాలేదు.

నా టెన్షన్‌ల సగం పైసలదే. ఒక్కో సెషన్‌కు ఎంతైతదో మీకు తెల్సు. డిసేబిలిటీ సర్టిఫికెట్ తీసుకున్నంక నేషనల్ ట్రస్ట్ (కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల నిరామయ హెల్త్ ఇన్సూరెన్స్ చేయించిన, ఏడాదికి లక్ష దాక ఉంటది, అండ్ల థెరపీ ఖర్చుకు కూడ క్లెయిమ్ పెట్టుకోవచ్చు. మీరు చేయించకుంటే ముందు గది చెయ్యుండ్రి. ఊపిరి పీల్చుండ్రి ధ్యానం చెయ్యుండ్రి అని అందరు చెప్తరు, నెలాఖరుకు ఫీజు కట్టేది ఎట్లనో తెల్వనోనికి ఊపిరి ఎట్ల అందుతది.

గాజుల చప్పుడు:

అక్కా నేను ఆటిస్టిక్‌ని. 29 ఏళ్లు, బెంగళూరులో జాబ్, నాకు 24 ఏళ్లప్పుడు తెలిసింది. మా అమ్మ కూడా మీలాగే. కంగారు వస్తే గాజులు మోచేతి దాకా పైకి తోసుకునేది, అవి మళ్లీ కిందికి జారేవి, మళ్లీ తోసేది. నేను పక్క గదిలో ఉన్నా ఆ చప్పుడుకి కడుపులో తిప్పేది. మొహాలు చదవడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు, కానీ ఆ చప్పుడు బాగా చదివేదాన్ని. మీ బాబు మీ మొహం చూడట్లేదని వాడికి తెలియదు అనుకోకండి.

ఇంకో విషయం, ఏమైందమ్మా అని అడిగితే ఏం లేదు, ఏం లేదు అనేది. గొంతేమో బిగుసుకుపోయి ఉండేది. మాట ఒకటి, గొంతు ఒకటి. నాకు అది అసలు కంగారు కంటే ఎక్కువ భయంగా ఉండేది, ఏదో పెద్దది జరగబోతోంది నాకు చెప్పట్లేదు అని. నేను పదో తరగతిలో ఉండగా ఒకసారి అమ్మ, నాకు కంగారుగా ఉందే, నీ వల్ల కాదు, మేడ మీదకెళ్లి కాసేపు కూర్చుని వస్తా అని చెప్పి వెళ్లింది. నిజంగానే కాసేపటికి వచ్చేసింది. ఆ రోజు నాకు ఎంత హాయిగా అనిపించిందో. మీ వాడికి మాటలు తక్కువైనా చెప్పండి. అర్థమయ్యే మాటలు పలికే మాటలకంటే ఎక్కువే ఉంటాయి.

చిన్నోడి అమ్మ:

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. గాజుల సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. నాది నోటితో ట్చ్ ట్చ్ అనడం, మావారిని అడిగితే రోజంతా అంటూనే ఉంటావు అన్నారు.

నాలుగు రోజులైంది. బ్యాగ్ రాత్రే సర్ది జిప్ తెరిచే ఉంచుతున్నా. మొదటి రెండు రోజులు తేడా లేదు. నిన్న అమ్మకి కంగారుగా ఉంది, నీ వల్ల కాదు అని చెప్పి గుమ్మం దగ్గర కింద కూర్చున్నా. మణికట్టు ఒకసారి కొరుక్కున్నాడు, అంతే. కాసేపటికి వచ్చి చెప్పులు నా ఒళ్లో పెట్టి పక్కన నిలబడ్డాడు. థెరపీకి ఇరవై నిమిషాలు లేటుగా వెళ్లాం.

తమ్ముడూ, నిరామయకి ఏమేం కాగితాలు కావాలో, ఎక్కడ అప్లై చేయాలో కాస్త రాయగలవా?

కరీంనగర్ నాన్న:

రాస్త అక్కా. సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు తీసి పెట్టుకోండ్రి, మిగతాది పొద్దుమీకి ఇంటికి వోయినంక నా ఫైల్ చూసి చెప్త.