నాలుగు రోజుల కౌలాలంపూర్ ట్రిప్, తలా 7 కేజీలే: అత్తమ్మతో, పిల్లాడితో ఎలా సర్దుకోవాలి?

అనంతపురం కోడలు:

అందరికీ నమస్తే. వచ్చే నెల మేము నలుగురం, నేను, మా ఆయన, మా అత్తమ్మ, ఆరేళ్ల బాబు, బెంగళూరు నుంచి కౌలాలంపూర్ పోతున్నాం. బతు కేవ్స్‌లో మురుగన్ స్వామిని చూడాలని అత్తమ్మకు ఎప్పటినుంచో ఆశ. ఎయిర్‌ఏషియాలో టికెట్లు తక్కువకు కనబడేసరికి ఇంక ఆలోచించకుండా బుక్ చేసేశాం. నాలుగు రోజులు ఉంటాం. టికెట్‌లో చెకిన్ బ్యాగేజీ లేదు, తలా 7 కేజీల క్యాబిన్ బ్యాగేజీ మాత్రమే, అది కూడా పెద్ద బ్యాగు, భుజానికి తగిలించుకునే చిన్న బ్యాగు రెండూ కలిపి 7 అంట.

ఇప్పుడు ఇంట్లో రోజూ ఇదే చర్చ. అత్తమ్మ రోజుకు రెండు చీరల లెక్కన బీరువాలోంచి తీసి మంచం మీద పెట్టారు, అందులో గుడికని ఒక ధర్మవరం పట్టుచీర. దాని పక్కన నిప్పట్ల డబ్బా, ఓళిగలు, పప్పులపొడి, మామిడికాయ ఊరగాయ, పూజ సామాను. అక్కడి తిండి సరిపడదేమోనని ఆమె భయం, అది నాకు అర్థమవుతుంది, వద్దని మొహం మీద చెప్పలేను. మా ఆయనేమో ఇంత టెన్షన్ ఎందుకు, 20 కేజీల బ్యాగేజీ కొనేద్దాం అంటున్నారు. నాలుగు రోజులకు అంత బరువు మోసుకుని తిరగడం నాకు ఇష్టం లేదు, పైగా అనంతపురం నుంచి బస్సులో పోయి దేవనహళ్లి దగ్గర దిగి ఎయిర్‌పోర్టుకు మారాలి.

నాకు తెలియాల్సింది ఇదీ: నలుగురి 28 కేజీలు కలిపి చూస్తారా, విడివిడిగా చూస్తారా? తిండి సామానులో ఏది పోనిస్తారు, ఏది తీసేస్తారు? మా ట్రాలీ బ్యాగులు పనికొస్తాయా? పోయొచ్చిన వాళ్లు చెప్పండి.


ప్రొద్దుటూరు ప్రయాణికుడు:

అక్కా, అన్నిటికన్నా ముందు ఆ ట్రాలీ బ్యాగును ఖాళీగా తూకం వేయండి. గట్టి ప్లాస్టిక్ ట్రాలీ చక్రాలతో, హ్యాండిల్‌తో కలిపి రెండున్నర నుంచి మూడు కేజీలు ఉంటుంది, అంటే ఒక్క గుడ్డ పెట్టకముందే మీ 7లో సగానికి దగ్గర పోయినట్టే. పిల్లలు బడికి తగిలించుకుని పోయే రకం బట్ట బ్యాక్‌ప్యాక్ కేజీ లోపే ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో మనిషికి రెండు కేజీలు మిగులుతాయి, నాలుగు రోజుల గుడ్డల బరువు అంతే కదా. బస్సు దిగి రోడ్డు దాటాల్సి వచ్చినా చేతులు ఖాళీగా ఉంటాయి, బాబు చేయి పట్టుకోవచ్చు. సైజు కూడా చూసుకోండి, ఎయిర్‌ఏషియా వాళ్లది 56 × 36 × 23 సెంటీమీటర్లు, చిన్న బ్యాగు సీటు కింద పట్టాలి.

28 కేజీలు కలిపి చూస్తారని నమ్ముకోవద్దు. ఎవరి 7 వాళ్లదే. కానీ బాబుకు సొంత టికెట్ ఉంది కాబట్టి వాడికీ 7 ఉంటుంది, ఆ బ్యాగు మీ ఆయన మోసినా ఎవరూ ఏమీ అనరు. అత్తమ్మ బ్యాగు నాలుగు కేజీలు దాటకుండా చూసి, ఆమె సామానులో మిగిలింది బాబు బ్యాగులో సర్దండి. పెద్దావిడ భుజాలకు అదే మంచిది.

గుడ్డల సంగతి. కౌలాలంపూర్‌లో ఏడాది పొడుగునా ఒకే వాతావరణం, ఎండ, ఉక్కపోత, సాయంత్రం ఉన్నట్టుండి వాన. మన అనంతపురంలో తడి గుడ్డ దండెం మీద వేస్తే గంటలో ఎండిపోతుంది, అక్కడ గాలిలో తేమకి జీన్స్ మర్నాటికి కూడా ఆరదు. ఒక్కో జీన్స్ ముప్పావు కేజీ దాకా తూగుతుంది, కాబట్టి వేసుకున్నది తప్ప ఇంకోటి వద్దు. పలచటి ప్యాంట్లు, టీషర్టులు మూడేసి జతలు చాలు. ఊళ్లో ఎక్కడ చూసినా నాణేలు వేస్తే ఉతికి ఆరబెట్టే అంగళ్లు ఉంటాయి, బోర్డు మీద దోబీ అని రాసి ఉంటుంది, భోంచేసి వచ్చేలోపు నలుగురి గుడ్డలూ అయిపోతాయి. పెద్ద టర్కీ టవల్ అర కేజీ ఉంటుంది, దాని బదులు మన పలచటి నూలు తువ్వాలు పెట్టుకోండి. అసలు హోటల్లో టవల్ ఇస్తారు, ఇది వానకు తల తుడుచుకోవడానికి.

ఒంటి మీద ఉన్నది తూకం వేయరు. బరువైన బూట్లు వేసుకునే పోండి, స్వెటర్ లేదా శాలువా కప్పుకోండి, విమానంలో చలికి ఎలాగూ కావాలి, దుప్పటి ఊరికే ఇవ్వరు.

ఇంకోటి. కౌంటర్ దగ్గర పాస్‌పోర్ట్ చూపించేటప్పుడు తూకం అయిపోయింది కదా అని ఊరుకోవద్దు. ఒక ఎయిర్‌లైన్ వాళ్లు బోర్డింగ్ గేటు దగ్గర మళ్లీ కాటా పెట్టారు, నా ముందున్న కుటుంబం నేల మీద బ్యాగు విప్పి చీర మీద చీర, చొక్కా మీద చొక్కా తొడుక్కోవాల్సి వచ్చింది, పాపం పెద్దాయన కళ్లలో నీళ్లు. డబ్బు కూడా అక్కడ కడితే చాలా ఎక్కువ. మనుషుల్ని అట్లా నిలబెట్టడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. అందుకే 7 అంటే ఇంటి దగ్గర ఆరుంపావు దగ్గరే ఆపేయండి, నీళ్ల సీసా, గేటు దగ్గర కొనే బిస్కెట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.


ఓర్వకల్లు రోడ్డు, కర్నూలు:

తిండి గురించి నేను చెప్తాను. గట్టి పదార్థాలకు పెద్దగా ఇబ్బంది ఉండదు. నిప్పట్లు, కర్జికాయలు, శెనక్కాయ ఉండలు, ఎండు జొన్న రొట్టెలు నిక్షేపంగా పట్టుకుపోవచ్చు. ఓళిగలు కూడా పోనిస్తారు గానీ నెయ్యి కారేటట్టు ఉండకూడదు, ఆ ఉక్కలో రెండో రోజుకే వాసన వస్తాయి, ప్రయాణం రోజుకు సరిపడా చేయించండి. స్టీలు డబ్బా, సీసా వద్దు, జిప్ కవర్లో పోసుకుంటే డబ్బా బరువు తగ్గుతుంది.

పప్పులపొడి, కారప్పొడి, మసాలా లాంటివి చేతి బ్యాగులో పోనివ్వరు, చెకిన్ బ్యాగులో అయితేనే. కారం కళ్లలో చల్లొచ్చు కాబట్టి సెక్యూరిటీ వాళ్లు దాన్ని ఆయుధం లెక్కనే చూస్తారు. ఊరగాయలో నూనె ఉంటుంది కాబట్టి నూనె కిందే లెక్కేస్తారు, చేతి బ్యాగులో పెట్టొద్దు, తీసి పక్కన పెట్టేస్తే అత్తమ్మ మనసు కష్టపడుతుంది. పెరుగన్నం కూడా అంతే. ఇంటర్నేషనల్ కాబట్టి కొబ్బరినూనె, షాంపూ, టూత్‌పేస్ట్ ఏదైనా సరే 100 మిల్లీలీటర్ల సీసా దాటకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శకమైన కవర్లో వేయాలి. సీసా మీద రాసిన సైజే చూస్తారు, 200 సీసాలో అడుగున కొంచెం ఉందన్నా ఒప్పుకోరు.

పూజ సామాను మాత్రం అత్తమ్మతో ముందే మాట్లాడండి. కర్పూరం, అగ్గిపెట్టె మంటలంటుకునే సరుకులు, చేతి బ్యాగులోనూ చెకిన్‌లోనూ కుదరవు. ఎండుకొబ్బరి కూడా నూనె ఉంటుందని చేతి బ్యాగులో ఆపేస్తారు. బతు కేవ్స్ మెట్ల కిందే పూలు, పూజ సామాను అమ్మే అంగళ్లు ఉంటాయి, అక్కడ కొనుక్కోండి. పసుపు కుంకుమ కూడా అక్కడే దొరుకుతాయి, ఇక్కడి నుంచి పొడి పొట్లాలు ఎందుకు.

మలేషియాలోకి తాజా పండ్లు, కూరగాయలు, మాంసం పర్మిట్ లేకుండా తీసుకుపోకూడదు, మామిడిపళ్లు, నిమ్మకాయలు బ్యాగులో లేకుండా చూసుకోండి. తిండికి మరీ భయపడక్కర్లేదు, బ్రిక్‌ఫీల్డ్స్ అని ఒక పేట ఉంది, కేఎల్ సెంట్రల్ స్టేషన్ పక్కనే, అరటాకులో అన్నం సాంబారు పెట్టే హోటళ్లు వరసగా ఉంటాయి. మన ఉగ్గాని బజ్జీ దొరకదు అంతే.

మా ఓర్వకల్లు నుంచో, కడప నుంచో ఇండిగో ఏటీఆర్‌లో ఎప్పుడైనా పోతే రూలు వేరు, క్యాబిన్ 7, చెకిన్ 15 ఉంటుంది, కాకపోతే ఆ చిన్న విమానంలో పై అరలు ఇరుకు, పెద్ద ట్రాలీని మెట్ల దగ్గరే తీసుకుని కింద వేసేస్తారు. అప్పుడు మందులు, పవర్ బ్యాంక్ చేతిలోకి తీసుకోవడం మరవొద్దు.


కడప నుంచి ఒక అత్తగారు:

తల్లీ, నేనూ అత్తనే కాబట్టి ఆమె వైపు నుంచి చెప్తాను. ఆమె చీరలు నువ్వు తీసేయొద్దు. కొక్కేనికి తగిలించి తూకం చూసే చిన్న కాటా ఒకటి కొని ఆమె చేతికే ఇవ్వు. పట్టుచీర జరీ అంచుతో ముప్పావు కేజీ, ఒక్కోటి కేజీ దాకా తూగుతుంది, అదే బరువులో రెండు జార్జెట్ చీరలు వస్తాయి. ఆమె కళ్లతో ఆమె చూస్తే ఆమే తీసి బీరువాలో పెడుతుంది. నన్నడిగితే ఆ ధర్మవరం చీర ఇంట్లోనే భద్రంగా ఉండాలి. బతు కేవ్స్‌లో 272 మెట్లు, నిలువుగా ఉంటాయి, చెమట ధారలు కడుతుంది, వాన పడితే జారుడు. పట్టు కట్టుకుని కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కడం కష్టం, ఒక చేయి కమ్మీ మీద ఉండాలి. పలచటి చీర అయితే రాత్రి పిండి ఫ్యాన్ కింద వేస్తే తెల్లారేసరికి ఆరుతుంది. మొత్తం మూడు చీరలు, కట్టుకున్నది కాక. లంగాలు రెండు చాలు.

నువ్వు కూడా మోకాళ్లు కప్పే గుడ్డలే వేసుకో గుడికి. పైన కోతులు ఉంటాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు కనిపిస్తే గుంజుకుంటాయి, తినేవి బ్యాగు లోపల పెట్టి జిప్ వేయండి, బాబు చేతికి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వొద్దు.

ఆమెకు బీపీ, షుగరు ఉంటే మాత్రలు చిన్న బ్యాగులో, డాక్టరు చీటీతో సహా, రెండు రోజులకు ఎక్కువే పెట్టండి. బరువు తగ్గించాలని మందుల్లో మాత్రం కోత పెట్టొద్దమ్మా. ఇన్సులిన్ వాడుతుంటే అది ఎప్పుడూ చేతి బ్యాగులోనే, కింద సామాన్ల అరలో గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది.


గుంతకల్లు జంక్షన్:

అందరూ తగ్గించమనే చెప్పారు, నేను ఒక చిన్న తేడా చెప్తాను. పోయేటప్పుడు 7తో పోండి, వచ్చేటప్పుడు మాత్రం నలుగురికీ కలిపి ఒక్క 20 కేజీల చెకిన్ కొనండి. రెండు వైపులా కొనాలని రూలేమీ లేదు, వెబ్‌సైట్‌లో మీ బుకింగ్ తెరిచి తిరుగు ప్రయాణానికి ఒక్కదానికే జోడించుకోవచ్చు. ఎయిర్‌పోర్టు కౌంటర్లో కట్టేదానికన్నా ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే చాలా తక్కువ పడుతుంది. పిల్లాడితో, పెద్దావిడతో పోయినవాళ్లు ఖాళీ చేతులతో రారు కదా. చుట్టాలకు చాక్లెట్లు, కాఫీ పొట్లాలు, పిల్లాడి బొమ్మలు కొంటారు. మీ ఆయన మాట సగం నిజమే అక్కా. మడిస్తే అరచేతిలో పట్టే పెద్ద బట్ట సంచి, జిప్ ఉన్నది, ఒకటి అడుగున పెట్టుకుని పోండి, వచ్చేటప్పుడు విడిచిన గుడ్డలన్నీ అందులో వేసి చెకిన్ చేసేయండి.

పవర్ బ్యాంక్ మాత్రం రెండు వైపులా చేతి బ్యాగులోనే. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్ వస్తుంది, 100 వరకు పర్వాలేదు. విమానంలో దాంతో ఫోన్ ఛార్జ్ చేయొద్దంటున్నారు ఇప్పుడు.


అనంతపురం కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. కడప అత్తగారూ, మీ మాట ప్రకారం కాటా తెప్పించి అత్తమ్మకే ఇచ్చాను. మధ్యాహ్నమంతా ఒక్కో చీరా తగిలించి చూసుకున్నారు, పట్టుచీర ఆమే మడిచి లోపల పెట్టేశారు, మూడు పలచటి చీరలు మిగిలాయి. ఊరగాయ దగ్గర కొంచెం బాధపడ్డారు, ఎండు రొట్టెలు, శెనక్కాయ ఉండలు పోనిస్తారని తెలిశాక సరేనన్నారు. మా ఆయనకు వచ్చేటప్పటి 20 కేజీల ఆలోచన నచ్చింది, ఈ రాత్రికే కొంటారంట. ట్రాలీలు అటక మీదికి పోయాయి, రెండు బ్యాక్‌ప్యాకులు ఇంట్లో ఉన్నాయి, ఇంకో రెండు కొనాలి. ఒక్క డౌటు, విమానంలో బాబుకు ఆకలేస్తే ఇంటి తిండి తినిపించొచ్చా? ఇంకేమైనా మేం మరిచిపోయేది ఉందా?


ప్రొద్దుటూరు ప్రయాణికుడు:

బయటి తిండి విమానంలో తినకూడదని వాళ్ల రూల్స్‌లో ఉంటుంది అక్కా, అందుకే సెక్యూరిటీ దాటాక గేటు దగ్గర కూర్చుని బాబుకు కడుపునిండా పెట్టేయండి. బెంగళూరులో ఇంటర్నేషనల్ అంతా టెర్మినల్ 2, లోపల కూర్చునే చోటు బోలెడంత. ఖాళీ నీళ్ల సీసా తీసుకుపోయి లోపల నింపుకోండి, నింపాక తూకంలో కలుస్తుంది కాబట్టి ఎక్కే ముందు తాగేయండి.

మరిచిపోయేవి రెండు. మలేషియాలో ప్లగ్గులు మనవి కావు, మూడు చదరపు పిన్నులు ఉండేవి, ఒక అడాప్టర్, దానికి చిన్న మల్టీప్లగ్ పెట్టుకుంటే నలుగురికీ ఒకటే చాలు. రెండోది బరువు లేనిది, మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, బాబుకూ వేరేగా నింపాలి, అధికారిక సైట్‌లో అయితే ఉచితం. డబ్బులడిగే సైట్ ఏదైనా కనిపిస్తే మూసేయండి.