జె డిల్లా డ్రమ్స్‌లో ఆ ఊగు ఎలా వస్తుంది?

32 ఏళ్లకే, 2006లో కన్నుమూసిన డెట్రాయిట్ బీట్‌మేకర్ జె డిల్లా లయను చెవితో పట్టుకోవాలని అదే తరహా బీట్ ఒకటి కట్టి చూస్తున్నాను. కుదరడం లేదు.

టెంపో నిమిషానికి 92 బీట్లు. ఆయన వాడిన డ్రమ్ మెషీన్ అకాయ్ ఎంపీసీ 3000లో బీట్‌కు 96 టిక్‌లు (బీట్‌ను విడగొట్టే అతి చిన్న భాగాలు), అంటే ఈ వేగంలో టిక్‌కు సుమారు 6.8 మిల్లీసెకన్లు. ఆ లెక్కనే తీసుకుని హై-హ్యాట్‌ను (జంట తాళం) గ్రిడ్ మీదే, అంటే మెషీన్ సమానంగా విడగొట్టిన చోట్లలోనే ఉంచాను. 2, 4 బీట్ల మీద పడే స్నేర్ (పదునుగా మోగే చిన్న డ్రమ్) 3 టిక్‌లు ముందే పడేలా, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) 4 టిక్‌లు ఆలస్యమయ్యేలా జరిపాను. ఊగడం లేదు, తడబడుతోంది.

జంట దెబ్బల్లో రెండోదాన్ని ఆలస్యం చేసే స్వింగ్ సెట్టింగ్‌ను 54, 58 శాతం పెట్టి చూశా. అన్ని వాయిద్యాలూ కలిసే ఊగుతున్నాయి, ఒకదానితో ఒకటి తగువాడినట్టుండే ఆ అందం పోయింది. దెబ్బల సమయాన్ని యాదృచ్ఛికంగా అటూ ఇటూ జరిపే హ్యూమనైజ్ మరీ ఘోరం: ప్రతి బార్‌లో తేడా వేరే చోటికి మారిపోతోంది. డిల్లా లూప్‌లో ఆలస్యమైన ఆ కిక్ ప్రతిసారీ అదే చోట పడుతుంది, అందుకే రెండో బార్‌కల్లా చెవి దానికోసం ఎదురుచూస్తుంది. దెబ్బల్ని గ్రిడ్‌కు సర్దే క్వాంటైజ్ ఆపేసి వేళ్లతో కొట్టినా ఫలితం లేదు.

హై-హ్యాట్‌ను గ్రిడ్ మీదే ఉంచి స్నేర్ ముందే పడేలా జరపాలా, లేక స్నేర్‌ను గ్రిడ్ మీద ఉంచి హై-హ్యాట్‌కు మాత్రమే స్వింగ్ ఇవ్వాలా?