‘స్నాప్’కి తెలుగు వెతుకుతూ ‘అనువుగాని చోట’ దగ్గర ఇరుక్కుపోయాను

గళ్ళపుస్తకం:
ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మెనూలను తెలుగు చేస్తున్నాం. ‘స్నాప్ టు గ్రిడ్’ దగ్గర నాలుగు రోజులుగా బండి ఆగింది. బొమ్మను లాగి వదిలితే దగ్గర్లో ఉన్న గీత మీదికి టక్కున జరిగి నిలబడుతుంది కదా, ఆ పనికి ఒక మాట కావాలి. ‘అతికించు’ ఎప్పుడో పేస్ట్‌కి ఇచ్చేశాం. వేమన ‘అనువుగాని చోట’ బుర్రలో తిరుగుతోంది, దాన్నుంచి ‘అనువుకు చేర్చు’ అని లాగొచ్చేమో. తీరా పద్యం రాసుకోబోతే ఆ తర్వాత ‘అధికుల మనరాదు’నా, ‘అధికులు మనరాదు’నా? చిన్నప్పుడు ఎలా అప్పజెప్పానో గుర్తు రావట్లేదు.

యతిభంగం:
‘ల’నే. అధికులము + అనరాదు. మేం గొప్పవాళ్ళం అనకూడదు అని. ‘లు’ అనేది చెవితో విని రాసుకున్నవాళ్ళ పొరపాటు.

తాటాకు:
అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. ‘మను’ అంటే బతకడం, మనుగడ అందులోంచి వచ్చిందే. నప్పని చోట గొప్పవాళ్ళు మనలేరు అంటే బాగానే ఉంది కదా. ఛందస్సూ అడ్డు రాదు. పాదాన్ని గణాలనే అక్షరాల గుంపులుగా విడగొడితే అనువు, గాని, చోట మూడూ సూర్యగణాలు. ‘అధికుల’ నలం, ‘మనరాదు’ సలం, రెండూ ఇంద్రగణాలే. ‘లు’ పెట్టినా నలమే.

యతిభంగం:
గణం కుదిరితే అర్థం కుదిరినట్టు కాదు మాస్టారూ. మీ అర్థం రావాలంటే ‘అధికులకు మనరాదు’ అని ఉండాలి. పైగా తర్వాతి పాదం ‘కొంచెముండుటెల్ల కొదువ గాదు’. తగ్గి ఉంటే లోటేం కాదు అంటున్నాడంటే, అంతకుముందు గొప్పలు చెప్పుకోవద్దనే అని ఉంటాడు.

తాటాకు:
సరే, అర్థం మీదే అనుకుందాం. మరి చాలా పుస్తకాల్లో ‘అధికుల’ తర్వాత ఆ ఖాళీ ఎందుకు? మాట విరగాల్సింది ‘అధికులము’ దగ్గర. తాటాకుల మీద మాటల మధ్య ఖాళీలే ఉండవు, గొలుసుకట్టుగా రాసుకుపోవడమే. అచ్చుకి వచ్చాక ఎవరో గణం విరిగిన చోట ఖాళీ పెట్టారు. అంటే ఆ ఖాళీ తన చోటు వదిలి, పక్కనున్న గణం గీత మీదికి జరిగి కూర్చుంది. గళ్ళపుస్తకం గారూ, మీరడిగిన స్నాప్ ఇదే!

గళ్ళపుస్తకం:
భలే. కానీ నాకింకా మాట దొరకలేదండీ.

ఒంటిగీత:
రోజంతా లేఅవుట్లు చేసేవాణ్ణి, ఒక్క మాట. ‘గడిలో కూర్చోబెట్టు’ అని మాత్రం పెట్టకండి. చదరంగంలో పావు గడి మధ్యలో ఉంటుంది, ఇక్కడ బొమ్మ అంచు గీత మీదికి వస్తుంది. 8 పిక్సెళ్ళకో గీత ఉన్న గ్రిడ్‌లో ఎడమ అంచును 37 దగ్గర వదిలితే 40కి పోతుంది, 35 దగ్గర వదిలితే 32కి. ఆ బొమ్మ వెడల్పు 45 అనుకోండి. ఎడమ అంచు 40 మీద పడ్డాక కుడి అంచు 85 దగ్గర, ఏ గీతా లేని చోట తేలుతుంది. స్నాప్ పనిచేయట్లేదని కొత్తవాళ్ళు గోల పెట్టేది ఇక్కడే.

ఇంకో చిక్కు కూడా ఉంది. గీత దగ్గరికి చేర్చడం వేరు, అడుగులు కొలవడం వేరు. 3 దగ్గర ఉన్న వస్తువును 8 చొప్పున జరిపితే 11, 19, 27... అలా దూకుతూ పోతుందే గానీ జన్మలో గీత ఎక్కదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ‘ఇంక్రిమెంట్’ అనేది ఈ రెండో రకం. రెండింటికీ ఒకే మాట పెడితే వాడేవాళ్ళు మిమ్మల్నే తిడతారు.

హలంతం:
‘హత్తించు’ ఎందుకు కాకూడదు? మనసుకు హత్తుకుంది అంటాం కదా.

యతిభంగం:
నేను విన్నదంతా ‘అత్తుకోవడమే’. ఆ ‘హ’ పుస్తకాల్లోదిలా ఉంది.

హలంతం:
పుస్తకాలది అనడం మీకు తిట్టెప్పుడైంది?

కందపిలక:
అత్తు, హత్తు రెండూ జిగురు మాటలే. స్నాప్‌లో జిగురు లేదు, లాగుడు ఉంది. 1963లో సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో, తెర మీద ఆనించే లైట్ పెన్ను గీతకి కాస్త దగ్గరికి తెస్తే చాలు, గీత మీదే ఉన్నట్టు లెక్క. 1986లో బీర్, స్టోన్ రాసిన ‘స్నాప్ డ్రాగింగ్’ పేపర్లో దీన్ని గ్రావిటీ అనే అన్నారు. నన్నడిగితే మనకి ఇది కొత్తేం కాదు. పాదం మొదటి అక్షరానికి జత కుదరాల్సిన చోటు ఉత్పలమాలకి 10, చంపకమాలకి 11, శార్దూలానికి 13, మత్తేభానికి 14వ అక్షరం. యతిస్థానమంటే గీత కాక మరేమిటి?

యతిభంగం:
నా పేరు పెట్టుకున్నందుకైనా అడ్డుపడాలి. యతి దేన్నీ తన దగ్గరికి లాగదు. తప్పితే తప్పిందని చెబుతుంది, అంతే. లాగేది కవి.

ఒంటిగీత:
లాగుడు మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. ఎంత దూరం నుంచి లాగాలనేది చాలా సాఫ్ట్‌వేర్లు తెర మీద పిక్సెళ్ళలో కొలుస్తాయి. 5 పిక్సెళ్ళు అనుకుంటే, 100 శాతం జూమ్‌లో బొమ్మ లెక్కన అది 5, 400 శాతంలో 1.25 మాత్రమే. అందుకే దగ్గరికి జూమ్ చేస్తే వస్తువు చెప్పిన మాట వింటుంది, దూరం జరిగితే గీతకి అమ్ముడుపోతుంది.

తాటాకు:
ఆ పద్యంలోనే మూడో పాదం, ‘కొండ యద్దమందు కొంచెమై యుండదా’! జూమ్ అవుట్ చేసిందెవరో ఇప్పుడు తెలిసింది. వేమన్నని ఎక్కడ తడిమినా ఏదో ఒకటి తగులుతుంది. మూడు పాదాల్లో చోటు, పరిమాణం, అద్దం. ఇంతకన్నా ఏం కావాలి?

ఒంటిగీత:
నాకైతే వత్తులు సర్దుకుంటే చాలు. రెండు టెక్స్ట్ పెట్టెల్ని ఒకే గీతకి చేర్చి చూడండి, ఒకదాంట్లో ‘మన’, ఇంకోదాంట్లో ‘స్త్రీ’. పెట్టెలు సరిగ్గానే నిలబడతాయి. కానీ కింద వేలాడే వత్తుల వల్ల రెండోది జారినట్టు కనిపిస్తుంది. స్నాప్‌కి పెట్టె తెలుసు, అక్షరం తెలీదు. చివరికి స్నాప్ ఆపేసి కంటితోనే సర్దుతాను.

కందపిలక:
‘కుదురు’ చూడండి. కుండ దొర్లిపోకుండా కింద పెట్టేదీ కుదురే, మనిషి కుదురుగా ఉండటమూ కుదురే. ‘గీతకు కుదుర్చు’.

హలంతం:
‘కుదుర్చు’ అంటే పెళ్ళి సంబంధం గుర్తొస్తోంది.

గళ్ళపుస్తకం:
నవ్వాను గానీ, రాసిపెట్టుకున్నాను. మొదటి రకానికి ‘గీతకు కుదుర్చు’, రెండోదానికి ‘అడుగు చొప్పున జరుపు’ అని పంపిస్తున్నా. వెనక్కొస్తే ‘స్నాప్’ అనే ఉంచేస్తాం. పద్యం మాత్రం ‘ల’తోనే ఖాయం అనుకోనా?

యతిభంగం:
అనుకోండి.

తాటాకు:
అనుకోకండి. అన్నట్టు పైన ఒకరు ‘కొదువ’ అని రాశారు. అది ‘కొదవ’ కదూ?