గండికోటలో యుద్ధం జరిగిన చోటును ఎలా చూడాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి):
పోయిన ఏడాది తాడిపత్రి మీదుగా గండికోటకు వెళ్ళి, పెన్న లోయ అంచున ఫొటోలు దిగి, గంటలో తిరిగి వచ్చేశాము. దారిలో తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి "యుద్ధం ఎక్కడ జరిగింది నాన్నా?" అని అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తూనే ఉంది. ఈసారి మా నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని కోటను నిదానంగా చూసి, మరునాడు కడపలో తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌన్ దొర ఇంటికి వెళ్ళాలనుకుంటున్నాము. ఎక్కడ ఎక్కువ సేపు నిలవాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (జమ్మలమడుగు వాసి):
నమస్కారమండీ. లోయను చివరికి ఉంచుకోండి. ఒక పక్క పెన్న కోసుకుపోయిన నిలువు కొండచరియలు ఉన్నందువల్ల అటునుంచి సైన్యం ఎక్కి రావడం దాదాపు అసాధ్యం కాబట్టి, కోట కట్టినవారు తమ జాగ్రత్తనంతా ప్రధాన ద్వారం మీద పెట్టారు. ఇనుప రేకులు తాపి, మొనదేలిన మేకులు దిగగొట్టిన ఆ తలుపు దగ్గర అమ్మాయిని నిలబెట్టి, ఏనుగులు నుదుటితో గుద్ది విరగ్గొట్టకుండా ఆ మేకులు ఉన్నాయని చెప్పండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల చేతిలోంచి ఈ కోటను గెలుచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చేసరికి ఇక్కడ ఫిరంగుల పోత పని సాగుతోంది.

తరువాత ధాన్యాగారంలోకి వెళ్ళండి. ముట్టడిలో కోటను నిలబెట్టేది గోడలకన్నా లోపలి గింజలూ నీళ్ళూ అని నా నమ్మకం. యుద్ధం ముగిశాక నెత్తుటి కత్తులు కత్తుల కోనేటిలో కడిగేవారని మా పెద్దలు చెబుతారు. దాన్ని చరిత్రగా కాక ఊరి జ్ఞాపకంగా వినిపించండి. కోట లోపల నేటికీ సంసారాలు ఉన్నాయి కనుక వారి వాకిళ్ళను ఫొటో తీసే ముందు ఒక మాట అడగడం మర్యాద.

జవాబు (కడప నుంచి ఒక పాఠకుడు):
ఒక్క విషయం ముందే తెలియజేస్తున్నాను. ఎర్రముక్కపల్లెలో మీరు చూడబోయేది బ్రౌన్ నివసించిన భవనం కాదు, ఆ స్థలంలో వెలసిన గ్రంథాలయం. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన ఆయన ఇక్కడ బంగళా కొని, పండితులను కూర్చోబెట్టి, సొంత ఖర్చుతో తాళపత్ర గ్రంథాలకు శుద్ధ ప్రతులు రాయించారు. జనం ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ అనేవారు. ఇల్లు చూడాలన్న ఆశతో వెళితే నిరాశ కలగవచ్చు గాని, అక్కడి తాళపత్రం మీద గంటంతో గీసిన అక్షరాన్ని దగ్గరగా చూపిస్తే అమ్మాయికి చాలాకాలం గుర్తుంటుంది. బయలుదేరే ముందు పనివేళలు ఫోనులో కనుక్కోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా నాన్నగారు జీవితమంతా సేద్యం చేసినవారు. ధాన్యాగారం మాట చదివి వినిపించగానే, "గింజకు పురుగు పట్టకుండా గాలి ఎట్లా ఆడనిచ్చినారో చూడాల" అన్నారు. మేము అక్కడి నుంచే మొదలుపెడతాము.