ట్రాన్స్‌ఫార్మర్ మార్చాక బోరు మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు సగమే. రివర్సా?

మడికట్టు:
10 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్, స్టార్-డెల్టా స్టార్టరు (మోటారును ముందు స్టార్ కలయికలో తక్కువ ఓల్టేజీతో లేపి, తర్వాత డెల్టాకు మార్చేది), బోరులోకి ఆరు వైర్లు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ తీసి వేరేది పెట్టిన రోజు నుంచి డెలివరీ సగానికి పడింది. మోటారు మామూలుగానే అందుకుంటోంది, మూలుగు లేదు. ఇదివరకు 17-18 ఆంప్స్ లాగేది, ఇప్పుడు 13. నేమ్‌ప్లేటు మీద 19 ఉంది. మూడు ఫేజుల మధ్యా ఓల్టేజీ 400 పైనే.
రివర్స్ అయితే నీళ్లు అసలు రాకూడదు కదా? స్టార్టరుకు వచ్చే మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరిపి చూశాం, ఏ తేడా లేదు. ఇక మోటారు వైపు ఏవైనా రెండు వైర్లు తారుమారు చేయమంటారా?

రోటర్:
మోటారు వైపు చేయి పెట్టకండి. కారణం కింద చెప్తాను.

మీరు చెప్పిన లక్షణాలు రివర్స్‌వే. ఒక ఫేజు పోయి ఉంటే మోటారు అందుకోదు, మూలుగుతూ ఎక్కువ ఆంప్స్ లాగి ఓవర్‌లోడ్ రిలేను (ఆంప్స్ మించితే మోటారు ఆపే భాగం) పడేస్తుంది. నీళ్లు ఎలా వస్తున్నాయంటారా, ఇంపెల్లరు (పంపులోని రెక్కల చక్రం) ఎటు తిరిగినా నీటిని మధ్య నుంచి అంచుకే విసురుతుంది. కాకపోతే రెక్కల వంపు ఎదురైపోతుంది కాబట్టి ఎత్తు, డెలివరీ రెండూ పడిపోతాయి. ఎత్తే నీళ్లు తగ్గాయి, లోడు తగ్గింది, ఆంప్స్ తగ్గాయి. లోతు బోరైతే పైకి చుక్క కూడా రాకపోవచ్చు.

ఇక మూడు వైర్లు జరిపిన సంగతి. స్టేటరులో (మోటారులో కదలని భాగం) మూడు వైండింగులు (తీగ చుట్లు) 120 డిగ్రీల ఎడంతో ఉంటాయి. మూడు ఫేజుల పేర్లు ఆర్, వై, బీ. కరెంటు ముందు ఆర్‌లో గరిష్ఠానికి వస్తుంది, తర్వాత వైలో, ఆ తర్వాత బీలో. అలా అయస్కాంత క్షేత్రం ఒక దిక్కుగా చుట్టూ తిరుగుతుంది. 50 సైకిళ్ల మీద రెండు పోళ్ల మోటారులో దాని వేగం నిమిషానికి 3000 చుట్లు. రోటరుకు (మధ్యలో తిరిగే భాగం) బయటి నుంచి ఏ వైరూ లేదు. ఆ క్షేత్రం తన కడ్డీలను కోసినప్పుడు పుట్టే కరెంటు వల్లే అది క్షేత్రం వెంట పడుతుంది, కొంచెం వెనకబడి సుమారు 2850 చుట్లు తిరుగుతుంది. కాబట్టి దిక్కును తేల్చేది ఫేజుల వరుస ఒక్కటే. ఆర్-వై-బీ, వై-బీ-ఆర్, బీ-ఆర్-వై మూడూ ఒకటే వరుస, మీరు జరిపింది అలాగే. ఏ రెండింటినైనా మార్చి ఒకదాన్ని కదపకుండా ఉంచితేనే వరుస తిరగబడుతుంది.

మార్చాల్సింది స్టార్టరుకు కరెంటు వచ్చే వైపు, మెయిన్ స్విచ్ తర్వాత. మోటారు వైపు ఎందుకు కాదంటే, మూడు వైండింగులు ఎ, బి, సి; ఒక్కోదానికి 1, 2 అని రెండు కొనలు. డెల్టాలో జతలు ఎ1-సి2, బి1-ఎ2, సి1-బి2 అనుకోండి. మీరు ఎ1, బి1 వైర్లను మాత్రం తారుమారు చేస్తే ఎ వైండింగు రెండు కొనలూ ఒకే ఫేజు మీదికి వస్తాయి. స్టార్‌లో ఏమీ తెలియదు, చక్కగా దిక్కు మారి తిరుగుతుంది. డెల్టాకు మారగానే ఆ వైండింగు తనలో తాను షార్ట్ అయి కాగుతుంది, మిగతా రెండూ లోడంతా మోస్తాయి. రిలే సరిగ్గా లేకపోతే మోటారు పైకి తీయాల్సిందే.

స్టార్టరు తెరిచే ముందు మెయిన్ దించి, ఫ్యూజులు ఊడదీసి, ఆటో స్విచ్ ఆపి, మూడు ఫేజుల మీదా టెస్టరు పెట్టి చూడండి. వ్యవసాయ కరెంటు ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు, ఆటో ఆన్‌లో ఉంటే వచ్చిన వెంటనే కాంటాక్టరు (స్టార్టరులో కరెంటు కలిపే స్విచ్) పట్టేస్తుంది.

కాపర్‌తీగ:
రివర్స్ తిరిగితే వైండింగ్ కాలిపోతుందని మా వైపు గట్టిగా చెప్తారు.

రోటర్:
వైండింగుకు ఎటు తిరిగినా ఒకటే. ఇబ్బంది పంపుది. సబ్‌మెర్సిబుల్ ఒంటిని చల్లార్చేది పక్కనుంచి పోయే నీరే. ఆ పారకం తగ్గిన స్థితిలో రోజుల తరబడి నడిపితే వేడెక్కుతుంది. ఐదు నిమిషాల పరీక్షకు ఏమీ కాదు.

గేట్‌వాల్వ్:
పరీక్ష ఎలా చేయాలంటే: ముందు ఇప్పుడున్న వరుసతో నడిపి, ఒకే డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ప్రెషర్ గేజ్ ఉంటే వాల్వు ఒక అర నిమిషం మూసి రీడింగ్ చూడండి. మోటారు ఆపాక కనీసం రెండు మూడు నిమిషాలు ఆగాలి. బోరులో ఎన్‌ఆర్‌వీ (నీటిని వెనక్కి పోనివ్వని వాల్వు) కారుతుంటే పైపులో నీరు వెనక్కి దిగుతూ పంపును ఎదురు తిప్పుతుంది, ఆ క్షణంలో స్టార్ట్ చేస్తే షాఫ్టు, కప్లింగు విరగొచ్చు. తర్వాత రెండు ఫేజులు మార్చి మళ్లీ చూడండి. ఎటు ఎక్కువ నీరు, ఎక్కువ ప్రెషర్ వస్తే అదే సరైన దిక్కు. ఆంప్స్ ఒక్కటే చూసి తేల్చకండి.

క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి ఆంప్స్ చూసేది) పెట్టేటప్పుడు ఒక తిరకాసుంది. లైన్ ఆంప్స్ కావాలంటే స్టార్టరుకు వచ్చే వైర్ల మీదే పెట్టాలి. బోరులోకి వెళ్లే ఆరింటిలో ఒకదాని మీద పెడితే డెల్టాలో 58 శాతమే కనపడుతుంది, 19 ఆంప్స్ మోటారుకు 11. ఓవర్‌లోడ్ రిలే వైండింగు దారిలో ఉంటే దాన్ని సెట్ చేయాల్సింది కూడా ఆ 11 దగ్గరే. చాలాచోట్ల నేమ్‌ప్లేటు అంకె పెట్టేసి ఉంటారు, అలాంటి రిలే ఉన్నా లేనట్టే.

దిక్కు తేలాక మూడు ఫేజుల ఆంప్స్ సరిపోల్చండి. సగటుకు 5 శాతం మించి తేడా ఉంటే మీరు ముందు చేసిన మూడు వైర్ల జరపడం అక్కరకొస్తుంది. దిక్కు మారదు కదా. ఎక్కువ ఆంప్స్ లాగే ఫేజు అదే ఉండిపోతే లోపం లైనులో, వైండింగుతో పాటు జరిగితే మోటారులోనో కేబుల్లోనో.

పెరటిబావి:
సందర్భం వచ్చింది గనక: ఇంటి దగ్గర 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు మోటారు రీవైండింగ్ చేయించాక ఎదురు తిరుగుతోంది. ప్లగ్గు తిప్పి పెడితే మారలేదు.

రోటర్:
మారదండి. ప్లగ్గు తిప్పితే రన్నింగ్, స్టార్టింగ్ వైండింగులు రెండూ కలిసి తిరగబడతాయి, వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ఒక్క స్టార్టింగ్ వైండింగు రెండు కొనలే తారుమారు చేయాలి. నాలుగు కొనలూ టెర్మినల్ బాక్సులోకి వచ్చి ఉంటే అక్కడే పని అయిపోతుంది. మూడే బయటికి వస్తే కామన్ లోపలే కలిపేశారు, వైండరు విప్పాలి. మూడింటిలో ఏది ఏదో మల్టీమీటరుతో తెలుస్తుంది: 3, 8, 11 ఓమ్‌లు వచ్చాయనుకుందాం, 11 వచ్చిన జతలో లేనిది కామన్. కామన్‌కు 3 ఉన్నది రన్నింగ్, 8 ఉన్నది స్టార్టింగ్.
మోటారు ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంటే మాత్రం వైరింగ్ కాదు, కెపాసిటరు పోయి ఉండొచ్చు. స్టార్టింగ్ వైండింగు పనిచేయనప్పుడు షాఫ్టును చేత్తో ఎటు తోస్తే అటే పోతుంది.

మడికట్టు:
వచ్చే వైపు ఆర్, వై మార్చాం. డ్రమ్ము ముందు పట్టిన సమయంలో సగంలోపే నిండుతోంది, ఆంప్స్ 17.5. అయితే పక్క చేను వాళ్లదీ ఇదే గోల అంటున్నారు.

గేట్‌వాల్వ్:
అయితే వరుస మారింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే, దాని కింద ఉన్న త్రీఫేజ్ బోర్లన్నీ రివర్సే. ఎవరికి వాళ్లు స్టార్టర్లో మార్చుకున్నాక లైన్‌మన్ వచ్చి అక్కడ సరిచేస్తే అందరివీ మళ్లీ ఎదురు తిరుగుతాయి. ముందు లైన్‌మన్‌తో మాట్లాడి ఒక్కచోటే మార్పించండి, ఆ రోజే మీరు మార్చిన రెండు వైర్లు వెనక్కి పెట్టండి. ఓల్టేజీ చూసే రకం ప్రివెంటరు (ఒక ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) ఉంటే వరుస మారినప్పుడు అదే మోటారును ఆపేస్తుంది. ఆంప్స్ మాత్రమే చూసే రకాన్ని ఈ విషయంలో నమ్ముకోలేం. కొత్తగా బిగించేటప్పుడు ముందు మోటారు దిక్కు సరిచూసుకుని, ప్రివెంటరు ఒప్పుకోకపోతే దానికి వెళ్లే సన్న వైర్లలో రెండు మార్చండి, మోటారువి కాదు.