‘సంధింపగన్’: సంధికా, బాణానికా?

శార్దూలం: తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’ నాటకంలో రాయబారి కృష్ణుడు దుర్యోధనుణ్ని హెచ్చరించే పద్యం ‘జెండాపై కపిరాజు’ చివరి పాదం వదలడం లేదు. ‘ఒక్కడున్ నీ మొర నాలకింపడు కురుక్ష్మానాథ సంధింపగన్’. అణు నిరోధం (ఎదురుదాడి భయం చూపి శత్రువును ఆపడం) మీద వ్యాసానికి తలకట్టుగా పెట్టాలనుంది. ఇక్కడ సంధించేది దేన్ని?

ప్రాసప్రియ: ముందు పాఠం చూద్దామండీ. ‘ఒక్కండున్’. జెండా, దండం, గాండీవం తర్వాత నాలుగో పాదం ‘క్కండున్’తోనే ఎత్తుకోవాలి. ఆ సున్న తీస్తే ప్రాసా పోతుంది, మొదట రావలసిన మగణమూ (మూడు గురువులు) పోతుంది.

ఉద్యోగి: సంధి చేయడానికనే. యుద్ధం మొదలయ్యాక మొర వినే చెవి ఉండదని కృష్ణుడి మాట. 1962 అక్టోబరులో, క్యూబా క్షిపణి సంక్షోభంలో, సోవియట్ నేత క్రుశ్చేవ్ లేఖ వాషింగ్టన్‌కు పూర్తిగా అందడానికి గంటలు పట్టింది. ఖండాంతర క్షిపణికి అరగంట చాలు. 1963 జూన్‌లో వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా కబురందే హాట్‌లైన్ ఒప్పందం అందుకే. అదీ ఫోను కాదు, టెలిప్రింటర్. నోటిమాటలో తొందరపాటుంటుంది, అనువాదం తప్పుతుంది.

వింటినారి: ‘-గన్’ ‘చేస్తుండగా’ అనే అర్థంలోనూ వస్తుంది కదా. అర్జునుడు బాణం సంధిస్తుండగా ఎవడూ వినడని నా అన్వయం.

ఉద్యోగి: ‘నారి సారించుచున్’ ముందే ఉంది. పునరుక్తి.

వింటినారి: కాదు. నారి సారించడం సన్నద్ధత, బాణం తొడగడం ప్రయోగం. 1962లో అమెరికా వ్యూహాత్మక వాయుదళం డెఫ్‌కాన్ 2కి (యుద్ధానికి ఒక్క మెట్టు కింది సన్నద్ధతకు) వెళ్లింది, ప్రయోగం జరగలేదు. రాయబారానికి చోటున్నది ఆ రెంటి మధ్యే.

తిక్కనాభిమాని: ఇదే రాయబారంలో బెదిరింపు లేకుండానే సభను కదిలించిన పద్యం తిక్కన భారతంలోది. ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’. ఆపగలిగీ ఊరుకున్న పెద్దలకే తగులుతుంది. ‘ఉపేక్ష’ ఒక్క మాట చాలు. దీని ముందు జెండాలూ గుర్రాలూ ఎందుకండీ?

ఉద్యోగి: తిక్కన సంగతి వేరే చర్చలో. అసలు ‘జెండాపై’ పద్యంలోది నిరోధమే కాదు. ‘చేయకు’ అని ఆపడం నిరోధం, ‘ఇచ్చెయ్’ అని దిగిరమ్మనడం నిర్బంధం. 1966లో అమెరికా వ్యూహ సిద్ధాంతకర్త షెల్లింగ్ ఈ రెంటినీ విడదీశాడు. రాజ్యం దుర్యోధనుడి చేతిలో ఉంది, పాండవులకు భాగం ఇమ్మంటున్నారు. ఊరుకున్నవాణ్ని ఊరుకొమ్మనడం తేలిక, ఎందుకంటే వాడు లొంగినట్టు పైకి కనబడదు. ఇవ్వడం మాత్రం నిండుసభలో జరగాలి. నిర్బంధం తరచు విఫలమయ్యేది అక్కడే.

శార్దూలం: కృష్ణుడు అయిదూళ్లిచ్చినా చాలన్నాడుగా, తలెత్తుకునే దారి చూపినట్టేగా?

ప్రాసప్రియ: ‘మూకం జెండుచున్నప్పుడు’ ఎవరూ పట్టించుకోలేదు. మూకంటే సేన. గురి సైన్యం మీద, హస్తినాపురం మీద కాదు. 1962 జూన్‌లో ఆన్ ఆర్బర్‌ ప్రసంగంలో అమెరికా రక్షణమంత్రి మెక్‌నమారా చెప్పిందీ ఇదే: లక్ష్యం శత్రువు బలగాలు, పౌరులు కాదు. తర్వాత ఆయనే నిశ్చిత విధ్వంసం (దాడి చేస్తే నీ దేశాన్నే నాశనం చేస్తామనే బెదిరింపు) వైపు మళ్లాడు. గురి ఏదో తేలకుండా ‘సంధింపగన్’ తేలదు.