తాళ్లు లాగి లాగి వేలు ముడుచుకుపోతోంది, సలహా కావాలి

వయసు 63, రిటైరయ్యాను. హుస్సేన్‌సాగర్‌లో ఈ వానాకాలం తెరచాప పడవల సీజన్‌కి పడవల్ని తాళ్లతో లాగి ఒడ్డున కట్టే పనిలో చేరాను. ఆరు వారాలుగా పొద్దున లేచేసరికి కుడిచేతి ఉంగరపు వేలు ముడుచుకుని ఉంటోంది. ఎడమ చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. అరచేతిలో, వేలి మొదట్లో శనగగింజంత గడ్డ, నొక్కితే నొప్పి. డాక్టరు ట్రిగ్గర్ ఫింగర్ అన్నారు. పది రోజులు మాత్రలు, రోజూ వేడినీళ్లు, మూడు వారాలు రాత్రిపూట స్ప్లింట్ (వేలు వంగకుండా పెట్టే పట్టీ)... తేడా లేదు. ఇప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటున్నారు. షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష) 7.4. స్టెరాయిడ్‌తో షుగర్ పెరుగుతుందేమోనని, అదే టెన్షన్.

మా ఆవిడ పని మానేయమంటోంది. కానీ సాయంత్రం పడవలన్నీ కట్టేశాక మెట్ల మీద కూర్చుని ఒకే ఫ్లాస్కులో టీ పంచుకునే ముగ్గురు స్నేహితులు దొరికారక్కడ. మొన్నటి నుంచి నా తాళ్లు కూడా వాళ్లే లాగుతున్నారు. వాళ్లని వదులుకోలేను.

షుగర్ ఉండి ఈ ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లు ఎన్ని రోజులకి మళ్లీ చేత్తో బరువు పని చేయగలిగారు?